ఊయల మీద బూడిద పురుగులు

ఆ వేసవంతా మా ఇంట్లో పొద్దు వాలుతుంటే కిటికీలు మూసేసేవాళ్ళం. ఉక్కకి ప్రాణాలు కడబట్టినా సరే, మూసేవాళ్ళం. ఎవరైనా అడిగితే పిల్లాడికి జలుబు అని చెప్పేవాళ్ళం. అన్నాళ్ళ జలుబు ఏ పిల్లాడికీ ఉండదని వీధికీ తెలుసు, మాకూ తెలుసు. అయినా అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాం.

మాది ఆపిల్ తోట. వంటింటి వెనక తలుపు తీస్తే మొదటి వరస చెట్లే ఎదురుగా ఉంటాయి. మా వీధిలో అందరివీ తోటలే. తోటకీ తోటకీ మధ్య ఒక తీగ కంచె, అంతే. ఇంట్లో మావయ్య, అత్తయ్య, నేను, నా కొడుకు. వాడికి పేరైతే పెట్టాం గానీ ఇంటిల్లిపాదీ బుడ్డోడనే పిలిచేది. అప్పుడప్పుడే మెడ నిలుపుతున్నాడు. మా ఆయన పళ్ళ లారీ నడుపుతాడు. ఆ సీజనంతా దూరాల మీదే ఉన్నాడు కాబట్టి ఈ కథలో ఆయన పాత్ర ఫోన్‌లో "అంతా బాగానే ఉన్నారుగా?" అని అడగడం వరకే. బాగానే ఉన్నామనే చెప్పేదాన్ని.

కాలవకి అవతల బూడిద పురుగు పడిందని పూత రాలేటప్పటికే తెలిసింది. పురుగంటే పాకేది కాదు, రెక్కల పురుగు, చిమ్మట. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, అంతే. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే బెరడు మీద చిటికెడు బూడిద పడిందనుకుంటాం. అది చేసే హాని ఏమీ లేదు. దాని పిల్ల ఉంది చూశారూ, అదీ కాండంలోకి దూరి చెట్టుని లోపల్లోపలే తినేస్తుంది. పైకి చెట్టు నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకని సర్కారు వాళ్ళ రూలు కూడా అలాగే ఉంది: ఎవరి తోటలో అది ఒక్కటి దొరికినా ఆ తోట మొత్తం నరికి, వేళ్ళతో సహా పెకలించి కాల్చేయాలి. దానికి అటూ ఇటూ ఉన్న తోటలు కూడా.

కాలవ అవతల పెద్దాయన తోట నరికిన రోజు మేమూ వెళ్ళాం. చావు ఇంటికి వెళ్ళినట్టే వెళ్ళాం. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఎందుకు విప్పాడో ఆయనకే తెలియదు. రంపాలు ఆగినప్పుడల్లా పక్క తోటవాళ్ళ తిట్లు వినబడుతున్నాయి. వాళ్ళవీ నరుకుతున్నారు మరి. సర్కారుని తిట్టట్లేదు, పురుగుని తిట్టట్లేదు, పెద్దాయన్ని తిడుతున్నారు. నీ తోటలో కాకపోతే ఇంకెక్కడా దొరకలేదా దానికి, అని. ఆయన భార్య ఆ తర్వాత కొట్టుకి రావడం మానేసింది. సరుకులు ఎవరు తెచ్చిపెట్టేవారో నాకు తెలియదు.

తిరిగి వస్తూ అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా ఆవిడ నోరు నిద్రలో కూడా ఊరుకోదు. గేటు దగ్గరికి వచ్చాక మాత్రం, "మన తోట మధ్యలో ఉందే అమ్మాయ్. అటూ ఇటూ కూడా పోతాయి" అంది.

ఆ వారంలోనే తెగుళ్ళ ఆఫీసు నుంచి ఒకావిడ మా వీధికి వచ్చింది. పొట్టిగా, మగవాళ్ళ చొక్కా వేసుకుని, మెడలో భూతద్దం వేలాడేసుకుని ఉండేది. వీధంతా ఆవిణ్ణి పురుగుల మేడం అనేవాళ్ళు. ఆవిడకీ తెలుసు, నవ్వేది. పురుగు పడిందో లేదో తెలియడానికి చెట్లకి కట్టమని ఒక్కొక్క తోటకీ తెల్ల అట్ట డబ్బాలిచ్చింది. లోపల అడుగున జిగురు, మధ్యలో ఒక చిన్న రబ్బరు మూత. ఆ మూతలో ఆడ పురుగు వాసన నింపుతారట. మగ పురుగు ఆ వాసనకి మతి పోయి వచ్చి జిగురులో పడుతుందట. మనకి మాత్రం ఏ వాసనా తెలియదు.

"వీటిని లింగాకర్షక బుట్టలంటారు" అంది మేడం.

"ఛీ, అదేం పేరమ్మా, ఆడా మగా నలుగురూ తిరిగే తోటలో!" అంది అత్తయ్య. ఆ రోజు నుంచి ఆవిడ వాటిని ఎర బుట్టలనే అనేది.

రబ్బరు మూతలు పాతబడితే మార్చాలి. చెయ్యి తగలకూడదు, పట్టకారుతో మార్చాలి. మావయ్య చెయ్యి నిలకడ గలది. చెట్లకి అంట్లు కట్టడానికి ఆయన పెట్టింది పేరు. అందుకని మేడం మా వీధి మొత్తానికి మూతలు మార్చే పని ఆయనకే ఒప్పజెప్పింది. తీసేసిన పాతవి కాల్చెయ్యమని చెప్పింది. ఆయన కాలుద్దామనే ఇంటికి తెచ్చేవాడు.

ఇక్కడ మా అత్తయ్య గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ చేతికి చిక్కిన వస్తువు చెత్తబుట్టలోకి వెళ్ళిన దాఖలా లేదు. చిరిగిన గొడుగు గుడ్డతో సంచులు కుట్టేది. సీసా మూతలతో బొమ్మలు చేసేది. ఆ మెత్తటి రబ్బరు మూతలు కనబడేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"కాలుస్తారా? ఎంత బాగున్నాయండీ! వీటిలో మందేమన్నా ఉందా?"

"మందు కాదే, వాసన. అదీ పాతబడి పోయిందనేగా మారుస్తున్నాం" అన్నాడు మావయ్య.

ఆవిడ వాటిని సబ్బు నీళ్ళలో వేసి ఉడకబెట్టింది. ఎండబెట్టింది. ఒక మూత, ఒక రంగు బొత్తం, ఒక మూత, ఒక బొత్తం, ఇలా దారానికి గుచ్చి బుడ్డోడి ఊయల పైన ఈ చివర నుంచి ఆ చివరికి కట్టింది. వాడు కాళ్ళు తన్ని కేరింతలు కొట్టాడు. ముగ్గురం మురిసిపోయాం.

మొదటి పురుగుని అత్తయ్యే చూసింది. సందె చీకటి పడుతోంది. నేను పెరట్లో వాడి గుడ్డలు తీస్తున్నాను. "అమ్మాయ్" అని పిలిచింది లోపల్నుంచి. అరవలేదు. ఆవిడ మెల్లగా పిలిస్తేనే నాకు భయం. గుడ్డలు అక్కడే పడేసి పరిగెత్తాను.

బుడ్డోడు మేలుకునే ఉన్నాడు. వాడి టోపీ అంచు మీద ఒకటి, ఛాతీ మీద ఒకటి, కనుబొమ మీద ఒకటి. రెక్కలు టపటపలాడిస్తూ అక్కడక్కడే తిరుగుతున్నాయి. రెక్క చివర రాగి రంగు చుక్క. వాడు ముక్కు ఎగబీల్చి తుమ్మాడు. అవి లేచి మళ్ళీ వాడి మీదే వాలాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాణ్ణి లాక్కుని గుండెకి అదుముకున్నాను. అత్తయ్య కొంగుతో వాటిని కొట్టింది. మావయ్య ఒకదాన్ని తీసి భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. మేడం ఇచ్చిన కాగితం మీది బొమ్మతో పోల్చి చూశాడు. మళ్ళీ పురుగునీ, మళ్ళీ బొమ్మనీ.

"అదేనా?" అంది అత్తయ్య.

"అలాగే ఉంది."

"అలాగే ఉందంటే అదేననా, కాదనా?"

"నాకేం తెలుసే! రాగి చుక్క ఉంది. అదే అయ్యుండొచ్చు."

ఆయన తోటలోకి వెళ్ళి అన్ని బుట్టలూ చూసి వచ్చాడు. బుట్టలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్క పురుగు కూడా పడలేదు.

మేడానికి చెబుదామని నేనే అన్నాను. మావయ్య నా వైపు చూడకుండా తలుపు గడియ వేశాడు. "చెప్పిన మరుక్షణం రంపాలు దిగుతాయమ్మా. మనవే అయితే సరే, మన ఖర్మ. అటువాళ్ళు పిల్లలు గలవాళ్ళు. ఇటువాళ్ళు మొన్నే అంట్లు కట్టుకున్నారు. వాళ్ళు మనల్ని బతకనిస్తారా? రెండ్రోజులు చూద్దాం. పోతే పోతాయి" అన్నాడు.

పోలేదు. రోజూ సందెవేళకి వచ్చేవి. కిటికీ రెక్కల సందుల్లోంచి, తలుపు కింద నుంచి, ఎక్కణ్ణుంచి వచ్చేవో తెలిసేది కాదు. వంటింట్లో దీపం వెలిగించి ఉంచితే దాని జోలికే వెళ్ళేవి కావు. మావయ్య పక్కన, అత్తయ్య పక్కన, నా పక్కన వాలేవి కావు. తిన్నగా ఊయల దగ్గరికే పోయేవి. తడిగుడ్డతో తుడిచి పొయ్యిలో వేసేవాళ్ళం. పొయ్యిలో వేసేటప్పుడు మావయ్య వీధి వైపు చూసుకునేవాడు, దొంగసొత్తు దాస్తున్నట్టు.

ఒకరోజు అత్తయ్య మనసులో మాట బయటపెట్టేసింది. "తోటనిండా బుట్టలున్నాయి. వాటిలోకి పోవు. వీడి మీదికే వస్తాయేమే? వీడిలో ఏముందే?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏముందేంటి అత్తయ్యా? పాలు తాగే పిల్లాడు. మీ మనవడు" అని గయ్యిమన్నాను. అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుని వాడి తల, మెడ, చేతులు, అరికాళ్ళు వాసన చూశాను. పాల వాసన, పౌడరు వాసన. ఇంకేం లేదు. మళ్ళీ చూశాను. కన్నతల్లిని, నా బిడ్డలో ఏముందోనని వెతుక్కున్నాను. ఆ భయం ఎలా ఉంటుందో పగవాళ్ళకి కూడా తెలియకూడదు.

ఆ మర్నాడే అత్తయ్య ఇనప్పెట్టె తీసింది. చలికాలం రగ్గుల మధ్య పెట్టే కలరా ఉండలు అందులో ఉంటాయి. "ఉన్ని బట్టల పురుగు దీని వాసనకి పారిపోతుంది. ఇదీ పురుగే కదా" అంది. ఊయల పరుపు కింద వేసింది. వాడి తలగడ గలీబులో వేసింది. మడతపెట్టిన గుడ్డల మధ్య వేసింది. నేను వద్దనలేదు. అదే రోజు మావయ్య కిటికీలకి తడిపిన గోనెపట్టాలు బిగించాడు. ఆ సాయంత్రం పురుగులు బాగా తగ్గాయి. గోనెపట్టాల వల్ల తగ్గాయో, ఉండల వల్ల తగ్గాయో ఎవరాలోచించారు? అత్తయ్య సంబరపడి కొట్టుకెళ్ళి ఇంకా కొనుక్కొచ్చింది.

మూసిన ఇల్లు, ఆ ఘాటు. మాకే తల దిమ్మెక్కిపోయేది. అయినా అది మాకు ధైర్యం వాసనలా ఉండేది.

బుడ్డోడు కేరింతలు తగ్గించాడు. ఉక్కకి నీరసం అనుకున్నాం. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి నిద్రపోయేవాడు. ఒక పొద్దున వాడి గుడ్డ మారుస్తుంటే మరక కనబడింది. కాచిన టీ నీళ్ళ రంగు. వాణ్ణి ఎత్తుకుని వాకిట్లో వెలుగులోకి తెచ్చాను. పెదాలు తెల్లగా పాలిపోయాయి. కళ్ళలో తెల్లగుడ్డు పసుపు తిరిగింది.

"ఆస్పత్రికి" అన్నాను.

మావయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం ఎందుకో నాకు తెలుసు. అత్తయ్య ఆయన భుజం మీద ఒక్క చరుపు చరిచింది. "ఏమిటా చూపు? కదలండి!" అంది.

వీధి చివర పాలామె వ్యాను ఆగి ఉంది. పాలు పోస్తున్నది పోస్తున్నట్టే వదిలేసి మమ్మల్ని ఎక్కించుకుంది. క్యాన్ల మధ్య కూర్చున్నాం. దారిలో మావయ్య నా చెవి దగ్గరగా వంగి, "పురుగుల సంగతి ఎత్తొద్దమ్మా. పిల్లాడి జబ్బుకీ దానికీ ఏం సంబంధం?" అన్నాడు. తల ఊపాను. బుడ్డోడి గుండె నా చేతి కింద పరుగులు పెడుతోంది. అది తప్ప నాకు ఇంకేదీ పట్టలేదు.

డాక్టరు నడివయసు మనిషి. వాడి కళ్ళు విప్పి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, మరక గుడ్డ చూశాడు. రక్తం పరీక్షకి పంపించి, అది వచ్చాక మా ముగ్గుర్నీ పిలిచాడు. గది చిన్నది. తలుపు తీసే ఉంది. బయట బల్ల మీద పాలామె కూర్చుంది. ఆమె పక్కన మా వీధివాళ్ళు ఇంకా ఇద్దరు.

"రక్తం విరిగిపోతోంది. చాలా తొందరగా విరిగిపోతోంది. ఊరికే ఇలా అవదు. ఇంట్లో ఏమన్నా మందు చల్లారా?"

"లేదండీ" అన్నాడు మావయ్య.

"వాడి బట్టల్లో గానీ, పక్కలో గానీ ఏమన్నా పెట్టారా? బాగా గుర్తు చేసుకోండి."

"ఏమీ లేదండీ."

అత్తయ్య నేల వైపు చూస్తోంది. కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఉండలు అంటే ఎందుకు అంటారు. ఎందుకో చెప్పాలంటే పురుగు పేరెత్తాలి. మా ముగ్గురి బుర్రల్లోనూ అదే తిరుగుతోంది. డాక్టరు పెన్ను మూత పెట్టబోయాడు.

"కలరా ఉండలు పెట్టామండీ" అన్నాను. "పరుపు కింద, తలగడలో, గుడ్డల్లో. చాలా రోజులుగా."

"పసిపిల్లాడి పక్కలోనా? ఎందుకు?"

"పురుగులు వస్తున్నాయండీ. ఊయల మీదికి. బూడిద పురుగులు."

మావయ్య కుర్చీ చప్పుడైంది. బయట బల్ల మీద మాటలు ఆగిపోయాయి. డాక్టరుకి పురుగుల గొడవ అక్కర్లేదు. ఆయన అప్పటికే లేచి నర్సుని కేకేస్తున్నాడు. కొంతమంది పిల్లల రక్తానికి ఆ ఉండల ఘాటు పడదట, విషమట. వెంటనే ఆ గుడ్డలన్నీ విప్పేసి ఆస్పత్రి దుప్పటి చుట్టారు. రక్తం ఎక్కించాలన్నారు.

"నాది తీసుకోండి. ఒంట్లో ఉన్నదంతా తీసుకోండి" అంది అత్తయ్య, రెండు చేతులూ చాపి. నర్సు ఆవిణ్ణి మెల్లగా బయటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఆవిడది పనికిరాలేదు. ఎవరో తెలియని ఒక పుణ్యాత్ముడిది ఎక్కించారు.

నేను ఆస్పత్రిలోనే ఉండిపోయాను. మిగతాదంతా మావయ్య చెబితే విన్నదే. మర్నాడు పొద్దున ఆయన గేటు తీసేసరికి దానికి ఆనించి ఒక గొడ్డలి ఉందట. కొత్తగా సాన పట్టినది. ఎవరు పెట్టారో తెలియదు. ఆ వీధిలో పుట్టి పెరిగిన మనిషి, అందరి చెట్లకీ అంట్లు కట్టిన మనిషి, దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడిపోయాడట. పాలామె మాత్రం గేటు దాకా వచ్చి, పాలు పోసి, "బాబు ఎలా ఉన్నాడన్నా?" అని అడిగిందట. అడిగింది ఆమె ఒక్కతే.

పురుగుల మేడం వచ్చింది. ఊయల దగ్గర నిలబడి పైకి చూసింది. ముఖం మారిపోయిందట. జేబులోంచి పట్టకారు తీసి ఆ మూతల దండని తెంపి, సంచిలో వేసి మూతి బిగించింది.

"ఇవి ఇక్కడికెలా వచ్చాయి?"

"ఉడకబెట్టానమ్మా. సబ్బుతో కడిగాను" అంది అత్తయ్య.

"రబ్బరు లోపలికంటా పట్టిన వాసన అమ్మా అది. ఎంత ఉడకబెట్టినా పోదు. మనకి తెలియదు గానీ వాటికి ఆ చివర తోటల దాకా తెలుస్తుంది. అవి పిల్లాడి కోసం రాలేదు. దీని కోసం వచ్చాయి."

అత్తయ్య అక్కడే, ఊయల కోడు పట్టుకుని, నేల మీద కూలబడిందట.

ఆ సాయంత్రం మేడం ఆ సంచి మూతి విప్పి పెట్టి, అక్కడే కాపు కాసి కొన్ని పురుగుల్ని పట్టుకుని వెళ్ళింది. పోతూ పోతూ ఉన్న మాట చెప్పింది. వీటి జాతి చాలా పెద్దదట. వందల రకాలు. తోబుట్టువులన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయట. చాలావాటికి రాగి చుక్క ఉంటుందట. ఒకటి బెరడు నాచు తింటుంది, ఒకటి ఎండుటాకు తింటుంది, ఒకటి గడ్డి గింజ తింటుంది. చెట్టుని తినేది వాటిలో ఒక్కటే. రెక్కలు చూసి ఏది ఏదో తను కూడా చెప్పలేనంది. పొట్ట చివర ముక్క తీసి, మందులో మరిగించి, పెద్ద భూతద్దం కింద పెట్టి చూస్తే గానీ తేలదు. అది తేలేదాకా తోటలో ఆకు కూడా కదపొద్దంది.

ఆ రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకున్నా నాకు చెమటలు పడతాయి. అక్కడ తోట సంగతి తేలాలి, ఇక్కడ బుడ్డోడి సంగతి తేలాలి. నిజం చెప్పాలంటే తోట నాకు గుర్తు కూడా రాలేదు. వాడి పెదాల మీదే నా కళ్ళు. నర్సు వచ్చి కనురెప్ప కిందికి లాగి చూసినప్పుడల్లా ఆమె ముఖంలోకి చూసేదాన్ని. ఆమె ముఖం ఏమీ చెప్పేది కాదు. ఒక మధ్యాహ్నం వాడు కళ్ళు తెరిచి, నా జడ కొస పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆమె నవ్వింది. నేను ఆ మంచం కోడు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాను.

వాణ్ణి ఇంటికి తెచ్చాక మేడం వచ్చింది. స్కూటరు గేటు బయటే ఆపింది. అటు కంచె దగ్గర అటువాళ్ళు, ఇటు కంచె దగ్గర ఇటువాళ్ళు నిలబడ్డారు. మావయ్య మొదటి వరస చెట్టుకి చెయ్యి ఆనించి ఉన్నాడు.

"ఇవి అవి కావండీ" అంది మేడం. "దాయాదులు. ఎండుటాకు తినే రకం. వాసన పాతబడి, ఉడికి, కాస్త మారిపోయింది కదా, అందుకని వీటికి నచ్చింది. చెట్టు జోలికి రావు."

మావయ్య చెట్టు మొదట్లో కూర్చుని, రెండు చేతులతో మట్టి తీసి, మళ్ళీ అక్కడే పోశాడు. కంచెల దగ్గర నుంచి వాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారో చూడలేదు. గొడ్డలి మా దగ్గరే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు.

తోట మిగిలింది. పిల్లాడు మిగిలాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఇంటికి వచ్చిన రోజు నుంచి అత్తయ్య బుడ్డోణ్ణి ముట్టుకోలేదు.

మొదట నేను గమనించలేదు. వాడి పాలసీసా మరిగించి గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. గుడ్డలు ఉతికేది, మడత మాత్రం పెట్టేది కాదు. "నువ్వు పెట్టుకోవే, ఏది ఎలాగో నాకేం తెలుసు" అనేది. వాడు చేతులు చాపితే చేటో చీపురో తీసుకుని పెరట్లోకి నడిచేది. ఆవిడ నోరు పడిపోయింది. తిట్టడం లేదు, దెప్పడం లేదు, కొట్టువాడితో బేరం కూడా ఆడడం లేదు. ఒకసారి మావయ్య, "ఎత్తుకోవే, నీ మనవడే" అంటే, "ఈ చేతులతోనా?" అని ఊరుకుంది.

నేను కూడా "తీసుకోండి అత్తయ్యా" అనలేదు. అబద్ధం ఎందుకు, నాకూ భయమే. ఆవిడ వాడి వైపు నడిస్తే నా చూపు ఆవిడ చేతుల మీదికి పోయేది. చేతిలో ఏముంది, కొంగులో ఏముంది అని. ఆవిడకి అది తెలుసు. అందుకే దూరంగా ఉండేది.

కోత వచ్చింది. కొమ్మలు నేలకి వంగాయి. కోసే రోజుకి ఆకాశం నల్లబడింది. వడగళ్ళు పడితే ఏడాది కష్టం నేలపాలవుతుంది. ఏ వీధివాళ్ళు ఆ వీధిలోనే తలో చెయ్యీ వేసుకుంటారు మామూలుగా. ఆ ఏడు మా కంచె దాటి ఎవరూ రాలేదు. మావయ్య ఒక నిచ్చెన మీద, నేను ఒక నిచ్చెన మీద. బుడ్డోడు నా వీపున గుడ్డలో ఉన్నాడు. కొమ్మలు ముఖానికి తగిలి ఏడుస్తున్నాడు. ఎక్కలేను, దిగలేను. దూరంగా ఉరిమింది.

అత్తయ్య చెట్ల కింద బుట్టలు సర్దుతోంది. నేను దిగాను. గుడ్డ విప్పి, వాణ్ణి తెచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను.

"కూర్చోండి అత్తయ్యా."

"వద్దే తల్లీ. నేను నిచ్చెన ఎక్కుతా. నువ్వు వాణ్ణి చూసుకో."

"మీ మోకాళ్ళతో నిచ్చెన ఎక్కుతారా? కూర్చోండి."

"నా మాట వినవే. నా చేతులు మంచివి కావే..."

వాణ్ణి ఆవిడ ఒళ్ళో పెట్టేశాను. ఆవిడ చేతులు రెండూ గాల్లోకి లేపేసింది, తగిలితే కాలుతుందన్నట్టు. వాడు పక్కకి ఒరిగాడు. పడబోయాడు. అప్పుడు పట్టుకుంది.

"ఏడిస్తే పిలవండి" అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా నిచ్చెన ఎక్కాను.

చెయ్యి పని చేస్తోంది గానీ ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. పండు తిప్పడం, తుంచడం, సంచిలో వెయ్యడం. వాడి ఏడుపు ఆగింది. బాగుంది అనుకున్నాను. ఇంకో కొమ్మ కోశాను. కింద చడీ చప్పుడూ లేదు. ఏడుపు లేదు, అత్తయ్య గొంతు లేదు, ఏమీ లేదు. ఒక పండు చేతిలోంచి జారి కింద పడింది. ఆ చప్పుడుకి కూడా ఎవరూ పలకలేదు. దిగి చూడు, దిగి చూడు అని లోపల ఒకటే గోల. మెట్టు మీద కాలు కిందికి పెట్టాను. మళ్ళీ పైకి తీసుకున్నాను. ఇప్పుడు నేను దిగితే ఆవిడ ఇక జన్మలో వాణ్ణి ఎత్తుకోదు. కొమ్మని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మాయ్!"

"ఏమైంది అత్తయ్యా?"

"ఏడవట్లేదే!" అంది కింద నుంచి. "ఏం కాలేదు. ఊరికే నన్నే చూస్తున్నాడు. భయమేసి పిలిచా."

ఆకుల మధ్య నుంచి నాకు ఆవిడ కొంగు మాత్రమే కనబడుతోంది. దాని మీద వాడి చిన్న పాదం ఒకటి.

"నాకూ భయంగానే ఉంది అత్తయ్యా. అలాగే పట్టుకుని ఉండండి" అన్నాను, నిచ్చెన దిగకుండానే.